చిన్ననాటి విదేశం: సోవియట్ తెలుగు అనువాదాలు, యాత్రాకాంక్ష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బాల్యంలో పుస్తకాల ద్వారా ప్రేమించిన విదేశాన్ని పెద్దయ్యాక చూడటం తెలుగు యాత్రాసాహిత్యంలో తరచుగా కనిపించే ఇతివృత్తం. ఇలాంటి యాత్రను ‘కల నెరవేరడం’గా వర్ణించి వదిలేయడం పరిపాటి. అయితే ఆ కలలోని దేశాన్ని యాత్రికుడి మనసులో ఎవరు నిర్మించారు, ఏ భాషలో నిర్మించారు అనే ప్రశ్నలకు విమర్శలో తగినంత చోటు దొరకలేదు. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో తెలుగు బాలపాఠకులకు సన్నిహితమైన సోవియట్ దేశాన్ని ఉదాహరణగా తీసుకొని, కంచన్‌బాగ్ ప్రాంత నేపథ్యంలో ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చింగీజ్ ఐత్మాతోవ్ ‘జమీల్యా’, ‘తొలి ఉపాధ్యాయుడు’, అర్కాదీ గైదార్ చుక్, గెక్‌ల కథ ఇందుకు ప్రధాన ఆధారాలు. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను పోలికకు స్వీకరించడమైనది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, సోవియట్ అనువాదాలు, బాల్యం, అనువాదకుడు, కంచన్‌బాగ్, ఐత్మాతోవ్, కాశీయాత్ర.

1. ప్రవేశిక:

యాత్రారచనను అంచనా వేసేటప్పుడు సాధారణంగా రెండు అంశాలు చూస్తాం. యాత్రికుడు ఏం చూశాడు, దాన్ని ఎలా చెప్పాడు. మునుపు తెలియని ప్రదేశానికి వెళ్లినవాడి రచనకు ఈ రెండూ సరిపోతాయి. చిన్నప్పటినుంచి ప్రేమిస్తున్న దేశానికి వెళ్లినవాడి విషయంలో మూడో అంశం కూడా ఉంది. అతడు బయలుదేరకముందే ఆ దేశం అతడి మనసులో ఒక రూపం తీసుకొని ఉంటుంది. విమానం దిగిన క్షణం నుంచి అతడు రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూస్తూ ఉంటాడు. ఒకటి కంటి ముందున్నది, రెండోది చదువుకున్నది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడమే ఆ రచనకు ప్రాణం. అయినప్పటికీ చాలా రచనల్లో ఆ ఎడం కనిపించకుండా పోతుంది. చదివినదంతా నిజమేనని ధ్రువీకరించడంతోనో, అంతా మారిపోయిందని విచారించడంతోనో రచన ముగుస్తుంది. మొదటిది భక్తి, రెండోది నిరాశ. రెంటిలోనూ పరిశీలన లోపిస్తుంది.

తెలుగువారి విషయంలో ఈ సమస్యను స్పష్టంగా చూపగల దేశం సోవియట్ యూనియన్. ఆ దేశం తెలుగు పిల్లలకు ప్రధానంగా తెలుగులోనే పరిచయమైంది. 1991 డిసెంబరులో అది ప్రపంచపటం మీద లేకుండా పోయింది. అందువల్ల ఆ కల నెరవేరే వీలు ఎంతవరకు ఉంది అన్న ప్రశ్న ఇక్కడ అక్షరార్థంలోనే నిలుస్తుంది.

2. కంచన్‌బాగ్ – రెండు విధాల సోవియట్ దేశం:

హైదరాబాదు పాతనగరానికి ఆగ్నేయంగా ఉన్న కంచన్‌బాగ్ రక్షణసంస్థల ప్రాంతం. క్షిపణి పరిశోధన చేసే డీఆర్‌డీఎల్, లోహ పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ ఇక్కడివే. ప్రహరీలు, గేట్లు, గుర్తింపు కార్డులు, ఉద్యోగుల క్వార్టర్లు ఒకవైపు ఉంటే, హఫీజ్‌బాబానగర్, సంతోష్‌నగర్ బస్తీలు మరోవైపు ఉంటాయి.

1970వ దశకంలో సోవియట్ దేశం ఈ ప్రాంతానికి రెండు దారుల్లో వచ్చింది. మొదటి దారి గేటు లోపలిది. డీఆర్‌డీఎల్ ‘డెవిల్’ పేరుతో చేపట్టిన పథకం సోవియట్ ఎస్‌ఏ-2 క్షిపణిని విడదీసి, భాగం భాగంగా అర్థం చేసుకొని, దేశంలోనే తయారుచేయడానికి జరిగిన ప్రయత్నం. ఆ క్షిపణి సైన్యం చేతికి చేరకపోయినా, ఆ పనిలో అబ్బిన నైపుణ్యం తర్వాతి పథకాలకు ఉపకరించింది. రెండో దారి పుస్తకాలది. సంతోష్‌నగర్, సైదాబాద్, చాదర్‌ఘాట్ మీదుగా కోఠికి వెళ్తే విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు దొరికేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, వీటన్నిటితో పోలిస్తే నమ్మశక్యం కాని చౌక ధర. ‘సోవియట్ భూమి’ పత్రిక నిగనిగలాడే పేజీలు బడిపుస్తకాలకు అట్టలుగా మారడం ఆ తరం వారందరికీ తెలిసిన విషయమే.

గేటు లోపలి పని గోప్యం. తండ్రి రోజంతా ఏం చేసి వస్తాడో చెప్పలేని ఇంటి పిల్లవాడు కిర్గిజ్ పల్లెలో గడ్డికోత ఎలా సాగుతుందో చెప్పగలిగే పరిస్థితి అది. దగ్గరిది దాగి ఉంది, దూరపుది విప్పి ఉంది. చిన్ననాటి విదేశం పట్ల మమకారానికి ఇలాంటి సామాజిక కారణాలు ఉంటాయని గుర్తించాలి. పిల్లవాడి ఊహాశక్తి ఒక్కటే దానికి కారణం కాదు.

3. ఆ దేశాన్ని తెలుగులో కట్టినవారు:

మాస్కోలోని విదేశీభాషల ప్రచురణాలయం 1963లో ప్రగతి ప్రచురణాలయంగా మారింది. 1982లో దాని సాహిత్య విభాగం నుంచి రాదుగ ఏర్పడింది. విజ్ఞానశాస్త్ర పుస్తకాలను మీర్ ప్రచురించింది. ఈ సంస్థల వెనుక ఒక రాజ్యపు ప్రచార లక్ష్యం ఉందనడంలో సందేహం లేదు. చౌక ధరకు కారణం కూడా అదే. కాని లక్ష్యం రాజ్యానిదైనా వాక్యం అనువాదకుడిది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు ఏళ్ల తరబడి మాస్కోలో ఉండి ఈ పని చేశారు. లక్ష్మణరావు వృక్షశాస్త్రవేత్త, ‘అతడు-ఆమె’ నవలాకారుడు. రామచంద్రారెడ్డి ‘సంవేదన’ సంపాదకుడు, నిక్కచ్చి విమర్శకుడు. మాస్కోలో చేసిన పని అనుభవం రామచంద్రారెడ్డిని ‘అనువాద సమస్యలు’ గ్రంథం దాకా నడిపించింది. ఆ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అంటే తెలుగు పిల్లలకు ఒక దేశాన్ని ఇచ్చిన శ్రమే తెలుగు విమర్శకు ఒక అనువాదశాస్త్రాన్ని కూడా ఇచ్చింది.

ఈ అనువాదాలు ఆ దేశాన్ని ఎంత దగ్గర చేశాయో, కొన్నిచోట్ల అంతే దూరం కూడా చేశాయి. ‘జమీల్యా’ ఇందుకు మంచి ఉదాహరణ. యుద్ధకాలపు కిర్గిజ్ పల్లె. భర్త సాదిక్ యుద్ధరంగంలో ఉన్నాడు. జమీల్యా ధాన్యం బళ్లు తోలుతూ, గాయపడి తిరిగివచ్చిన దానియార్ పాటకు కదిలిపోతుంది. చివరికి అతడితో కలిసి ఊరు విడిచి వెళ్తుంది. కథ చెప్పేది ఆమెను అభిమానించే కుర్రవాడు సెయిత్. అతడు ఆమెను ‘జెనే’ అని పిలుస్తాడు. కిర్గిజ్ భాషలో ఆ మాటకు అన్నభార్య అని అర్థం. ఇంగ్లీషులో ఈ బంధుత్వానికి విడిగా పేరు లేదు. తెలుగులో ‘వదిన’ సిద్ధంగా ఉంది. వదినామరుదుల మధ్య ఉండే చనువు, హద్దు, చెప్పుకోని అభిమానం తెలుగు పాఠకుడికి వివరణ లేకుండానే అందుతాయి. అన్న పక్షాన నిలబడవలసిన మరిది వదిన పక్షాన నిలబడటంలోని తెగువ కూడా అంతే సహజంగా అందుతుంది.

పేర్ల విషయంలో జరిగింది ఇందుకు భిన్నం. కిర్గిజ్ నేల నుంచి రష్యన్ మీదుగా తెలుగుకు వచ్చేసరికి ‘జమీలా’ కాస్తా ‘జమీల్యా’ అయింది. జమీలా, సాదిక్ పాతనగరంలో ప్రతి గల్లీలో వినిపించే పేర్లు. సమొవార్ కూడా అలాంటిదే. కోస్తా పల్లెలోని పిల్లవాడికి అది బొమ్మల్లో మాత్రమే కనిపించే వింత పాత్ర. హైదరాబాదీకి మాత్రం ఇరానీ హోటల్‌లో చాయ్ కాగే సామాను. కంచన్‌బాగ్ క్వార్టర్లలో ‘జమీల్యా’ చదివిన పాఠకుడు తాను ప్రేమించిన విదేశం సగం తన గోడ అవతలే ఉందని గమనించలేదు. దూరదేశపు జమీల్యా ఆప్తురాలైంది, పక్కబస్తీ జమీలా అపరిచితగా మిగిలింది. చిన్ననాటి విదేశపు కల గురించి విమర్శ అడగవలసిన అసలు ప్రశ్న ఇక్కడ ఉంది. ఆ కల మనల్ని లోకానికి దగ్గర చేసిందా, లేక ఇరుగుపొరుగును చూడకుండా ఉండేందుకు వీలు కల్పించిందా?

దీనికి సమాధానం పుస్తకంలో ఉండదు. పాఠకుడు పుస్తకం మూసి ఏం చేశాడన్నదానిలో ఉంటుంది. పాతనగర జీవితాన్ని ‘సలాం హైదరాబాద్’ నవలలో చిత్రించిన పరవస్తు లోకేశ్వర్ తర్వాత ‘సిల్క్ రూట్‌లో సాహసయాత్ర’ కూడా రాశారు. తన నగరం గురించి రాసిన చేయే దూరపు దారుల గురించీ రాయడం గమనించదగ్గది. దగ్గరిని వదిలిపెట్టకుండానే దూరాన్ని కోరుకోవడం సాధ్యమేనని ఈ రెండు రచనలను పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది.

4. కథల్లోనే ఉన్న హెచ్చరిక:

ఈ పుస్తకాలు యాత్రాకాంక్షను రేకెత్తించడంతో ఆగలేదు. చేరుకోవడం అంటే ఏమిటో కూడా వాటిలోనే చెప్పి ఉంది. గైదార్ కథలో చుక్, గెక్ అనే అన్నదమ్ములు తల్లితో కలిసి మాస్కో నుంచి టైగా అడవిలో ఉన్న తండ్రి దగ్గరికి రైల్లో బయలుదేరతారు. ఇప్పుడే రావద్దని చెప్పే టెలిగ్రాం వాళ్ల కొట్లాటలో పోతుంది. ఆ సంగతి తల్లికి చెప్పరు. ఎన్నో రోజుల ప్రయాణం తర్వాత మంచులో కూరుకుపోయిన గుడిసె దగ్గరికి చేరితే అక్కడ ఎవరూ ఉండరు. కలలుగన్న చోటికి చేరాక అది ఖాళీగా ఉండటం, ఆ ఖాళీలో పొయ్యి రాజేసుకొని ఎదురుచూడటం ఈ కథకు కీలకం. తండ్రి చివరికి వస్తాడు, కొత్త సంవత్సరం గంటలు మోగుతాయి. అయితే పిల్లలకు ఆ ఆనందం ఎదురుచూపు తర్వాతనే దక్కింది.

‘తొలి ఉపాధ్యాయుడు’ దీనికంటే లోతైన కథ. ఉప్పల లక్ష్మణరావు దీన్ని తెలుగు చేశారు. కుర్కురేవు గ్రామం పక్క గుట్టమీద రెండు పోప్లార్ చెట్లు ఉంటాయి. పక్షిగూళ్ల కోసం వాటిమీదికి ఎక్కిన పిల్లలకు కొమ్మల మీదినుంచి ఒక్కసారిగా తమ ఊరికి అవతల ఉన్న లోకం కనిపిస్తుంది. తామెన్నడూ పేరు వినని నేలలు, నదులు కనిపిస్తాయి. గూళ్ల సంగతి మరిచిపోయి అలాగే ఉండిపోతారు. బాల్యంలో దూరదేశపు కల ఎలా పుడుతుందో ఇంత సూటిగా చూపిన సందర్భాలు తక్కువ. ఆ చెట్లను నాటింది ఎవరో పిల్లలకు తెలియదు, అడగాలని కూడా వారికి తోచదు. కథంతా ఆ అడగని ప్రశ్నకు జవాబు.

నాటినవాడు ద్యూషేన్. 1924లో తనకే అంతంతమాత్రం వచ్చిన అక్షరాలతో పాత గుర్రపుశాలలో బడి పెట్టినవాడు. అనాథ బాలిక అల్తినాయ్‌ని బలవంతపు పెళ్లి నుంచి కాపాడి పట్నం చదువుకు పంపినవాడు. ఏళ్లు గడిచాక అల్తినాయ్ గొప్ప విద్యావేత్తగా, కొత్త బడి ప్రారంభోత్సవానికి అతిథిగా మాస్కో నుంచి వస్తుంది. అభినందనల టెలిగ్రాంలు వస్తాయి. వాటిని గుర్రం మీద తెచ్చి ఇచ్చినవాడు ముసలి తపాలా ఉద్యోగి ద్యూషేన్. లోపలికి రాకుండా, మిగిలిన ఉత్తరాలు పంచాలంటూ వెళ్లిపోతాడు. సభలో ఎవరో అతడి పాతకాలపు చదువు గురించి పరిహాసంగా మాట్లాడతారు. అల్తినాయ్ సిగ్గుతో ఆ రోజే ఊరు విడిచి వెళ్తుంది. ఆ గౌరవం దక్కవలసింది తనకు కాదని తర్వాత ఉత్తరం రాస్తుంది.

ఈ కథను అనువాదకుడి కథగా చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదన. తెలుగు పాఠకుడు ఎక్కి లోకాన్ని చూసిన చెట్టును నాటినవాడు అనువాదకుడు. సందేశం తెచ్చి ఇచ్చి, లోపలికి రాకుండా వెళ్లిపోయినవాడూ అతడే. కల నెరవేరిన యాత్రికుడు తన రచనలో రచయితలను తలుచుకుంటాడు, బొమ్మలను తలుచుకుంటాడు, కాగితం వాసనను కూడా తలుచుకుంటాడు. ఆ వాక్యాలను తెలుగులో రాసిన చేతిని తలుచుకోవడం అరుదు. కంచన్‌బాగ్‌లో క్షిపణిని విడదీసి మళ్లీ కట్టినవారి పేర్లు గోప్యత వల్ల బయటికి రాలేదు. అనువాదకుల పేర్లు మాత్రం పుస్తకంలోనే అచ్చయి ఉన్నాయి. అయినా మనం చదవలేదు.

5. కాశీయాత్రతో పోలిక:

చదివి ప్రేమించిన చోటికి వెళ్లడం తెలుగువారికి కొత్త కాదు. శ్రీనాథుడి ‘కాశీఖండము’ కాశీని తెలుగు పద్యంలో ముందుగానే నిలిపింది. గంగను చూడకముందే గంగ తెలిసిన సమాజం మనది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆయన గమ్యం పుణ్యక్షేత్రం, మనసు భక్తుడిది. కాని దినచర్యలో దారుల తీరు, సత్రాలు, సరుకుల దొరుకుబాటు, సుంకాలు, నదులు దాటడంలోని ఇబ్బందులు వివరంగా కనిపిస్తాయి. దారిలో హైదరాబాదును కూడా ఇదే దృష్టితో వర్ణించాడు. భక్తి పరిశీలనకు అడ్డు రాలేదు. చిన్ననాటి విదేశానికి వెళ్లే యాత్రికుడి రచనకు కొలమానం ఇక్కడే దొరుకుతుంది. ప్రేమ గమ్యాన్ని నిర్ణయించవచ్చు, దారిలో చూసినదాన్ని దిద్దకూడదు.

డీఆర్‌డీఎల్ సంచాలకుడిగా కంచన్‌బాగ్‌లో పనిచేసిన అబ్దుల్ కలాం ఆత్మకథలో దీనికి తలకిందులైన అనుభవం ఉంది. వాడ్రేవు చినవీరభద్రుడు దాన్ని ‘ఒక విజేత ఆత్మకథ’గా తెలుగు చేశారు. 1963లో శిక్షణ కోసం అమెరికా వెళ్లిన కలాంకు వాలప్స్ కేంద్రంలో ఒక చిత్రపటం కనిపించింది. అది బ్రిటిష్ సేనపై టిప్పు సుల్తాన్ రాకెట్ల దాడిని చూపే చిత్రం. సొంత దేశంలో మరుగునపడిన చరిత్ర విదేశపు గోడ మీద గౌరవంగా వేలాడుతోంది. సోవియట్ పాఠకుడు తన దేశంలో ఉండి విదేశాన్ని చూశాడు. కలాం విదేశంలో ఉండి తన దేశాన్ని చూశాడు. రెండు అనుభవాల్లోనూ పక్కనే ఉన్నదాన్ని గుర్తించడానికి దూరం అవసరమైంది.

6. పుస్తకం చెప్పనిది:

1991లో లెనిన్‌గ్రాద్ మళ్లీ సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది, ఫ్రూంజె బిష్కెక్ అయింది. ఒకప్పుడు ఒకే దేశంగా చదువుకున్న నేలకు ఇప్పుడు వేర్వేరు వీసాలు కావాలి. ఈ మార్పు మాత్రమే చూసి విచారించే యాత్రికుడు అసలైనదాన్ని దాటిపోతాడు. బిష్కెక్ సమీపంలోని అతా-బెయిత్ స్మారకం ఇందుకు ఉదాహరణ. ఐత్మాతోవ్ తండ్రి తొరెకుల్‌ను స్టాలిన్ కాలంలో 1937లో నిర్బంధించి, 1938లో కాల్చి చంపారు. ఇతరులతో పాటు రహస్యంగా పూడ్చిన ఆ అవశేషాలు 1991లో బయటపడ్డాయి. వాటిని అతా-బెయిత్‌లో ఖననం చేశారు. 2008లో మరణించిన ఐత్మాతోవ్‌ను కూడా అక్కడే ఖననం చేశారు.

‘తొలి ఉపాధ్యాయుడు’లో పిల్లల్ని కన్నతండ్రిలా కాచిన ద్యూషేన్‌ను సృష్టించిన రచయిత తన తొమ్మిదో ఏట తండ్రిని కోల్పోయినవాడు. ఆ తండ్రి సమాధి ఎక్కడుందో రచయితకు 60 ఏళ్లు దాటేవరకు తెలియదు. ఈ సంగతి తెలుగు పిల్లల పుస్తకంలో లేదు. అప్పట్లో ఉండే వీలూ లేదు. అతా-బెయిత్‌లో నిలబడిన పాఠకుడికి చిన్ననాటి పుస్తకం అబద్ధమైపోదు. ఆ కథలోని వెచ్చదనం దేన్ని కప్పుకొని పుట్టిందో అర్థమవుతుంది. కల చెదిరిందని గాని, నెరవేరిందని గాని అనలేని స్థితి ఇది. పుస్తకాన్ని రెండోసారి చదవగలిగే అర్హత వచ్చిందనడం సబబు. యాత్ర చేయగల మేలు అదే.

7. అదే నేల, మరో తరం:

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల నుంచి కిర్గిజ్‌స్తాన్‌కు వెళ్లేవారిలో ఎక్కువమంది వైద్యవిద్యార్థులు. వారికి ఆ నేల ఐత్మాతోవ్‌ది కాదు. తక్కువ ఫీజు, కన్సల్టెన్సీ, హాస్టల్, తిరిగివచ్చాక రాయవలసిన అర్హత పరీక్ష, ఇదీ వారి లోకం. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద గుంపులు దాడి చేసినప్పుడు, బయటికి రావద్దని భారత రాయబార కార్యాలయం హెచ్చరించింది. ఇక్కడి తల్లిదండ్రులు ఫోన్లకు అతుక్కుపోయారు. వారిలో కొందరు తమ చిన్నతనంలో అదే నేల కథలు చదివినవారై ఉండవచ్చు.

ఒక తరం ఆ నేలను చూడకుండా ప్రేమించింది. తర్వాతి తరం ప్రేమించే తీరిక లేకుండా చూస్తోంది. మొదటి తరం అనుభవమే ఉన్నతమైనదని తీర్మానించడం సులువు, కాని అది న్యాయం కాదు. చలిలో వరుసలో నిలబడి, అక్కడి భాషలో బేరమాడి, అక్కడి ఆసుపత్రి రోగితో మాట్లాడే విద్యార్థికి తెలిసిన కిర్గిజ్‌స్తాన్ ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని తెలుగులో ఎవరైనా రాస్తే అది సోవియట్ అనువాదాల కొనసాగింపు అవుతుంది. ఆ విద్యార్థి చేతికి ‘జమీల్యా’ అందితే తాను రోజూ చూస్తున్న ముఖాల వెనుక ఒక కథ ఉందని తెలుస్తుంది. రెండు తరాల మధ్య పుస్తకం చేతులు మారకపోవడమే ఇక్కడి నష్టం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. బాల్యంలో ప్రేమించిన విదేశం తెలుగు పాఠకుడి మనసులో అనువాదం ద్వారా తెలుగులోనే నిర్మితమైంది. కాబట్టి అలాంటి యాత్రారచన విమర్శ అనువాద విమర్శను కలుపుకోవాలి.

2. అనువాదం బంధుత్వాలను దగ్గర చేసినచోటే పేర్లను దూరం చేసింది. ‘జమీల్యా’లో వదిన వెంటనే అందింది. పొరుగింటి జమీలా అందలేదు. పాతనగరం వంటి ప్రాంతాల్లో ఈ అంశం మీద విడిగా పరిశోధన జరగాలి.

3. కల నెరవేరిందా లేదా అన్నది యాత్రారచనకు కొలమానం కాదు. వీరాస్వామయ్య వలె ప్రేమను ఉంచుకొనే కంటితో చూడగలిగాడా, చదివినదానికీ చూసినదానికీ మధ్య ఉన్న ఎడాన్ని దాచకుండా రాశాడా అన్నవే కొలమానాలు.

4. సోవియట్ తెలుగు అనువాదకుల కృషిని పుస్తకాల జాబితాలకు పరిమితం చేయకుండా, వారి వాక్యం, పదసంపద, బంధువాచకాల ఎంపిక కేంద్రంగా అధ్యయనం చేయాలి.

కుర్కురేవు గుట్టమీద చెట్లెక్కిన పిల్లలు నాటినవాడి పేరు అడగలేదు. పిల్లలు అడగకపోవడం సహజం. పెద్దయ్యాక యాత్ర చేసినవారు, ఆ యాత్రల గురించి రాసేవారు మాత్రం అడగాలి.